కొడితే స్వరం ఎలా పుడుతుంది?

తలుపును తడితే చప్పుడు వస్తుంది. బల్ల మీద కొడితే వచ్చేదీ చప్పుడే. మారింబా కూడా చెక్కే, దాన్నీ పుల్లలతోనే కొడతారు. కానీ అక్కడ సరిగమలు పలుకుతాయి. తేడా చెక్కలో ఉందా, కొట్టే చేతిలో ఉందా? ఈ వాద్యాన్ని కొత్తగా చూసినవారికి ముందుగా కలిగే సందేహం ఇదే.

మారింబా అంటే పియానో మెట్ల వరసలో పేర్చిన చెక్కబద్దలు. ఒక్కో బద్ద కింద ఒక్కో లోహపు గొట్టం నిలువుగా వేలాడుతుంది. కచేరీలకు వాడే పెద్ద మారింబాకు ఐదు స్థాయిలు, 61 బద్దలు ఉంటాయి. వైబ్రఫోన్ దీనికి చెల్లెలు. అందులో చెక్కకు బదులు అల్యూమినియం పలకలు. సాధారణంగా మూడు స్థాయిలు, 37 పలకలు. రెండింటినీ నిలబడి, చేతికి రెండేసి చొప్పున నాలుగు పుల్లలు పట్టుకుని వాయిస్తారు. సంగీతకారులు ఈ పుల్లలను మ్యాలెట్లు అంటారు.

తెలుగువారి చెవికి ఈ ధ్వనులు పూర్తిగా కొత్తవి కావు. పాతకాలపు సినిమా పాటల వాద్యబృందాల్లో వైబ్రఫోన్ ఉండేది. హిందీ పాటల్లో కెర్సీ లార్డ్ దాన్ని వాయించారు. హిందుస్థానీ సంగీతంలో చెక్కబద్దల కాష్ఠతరంగం ఉంది. పింగాణీ గిన్నెల జలతరంగం సరేసరి. కొట్టి స్వరం పలికించడం మనకు ఎరుకే. ఎలా పలుకుతుందన్నది మాత్రం అందరూ ఆలోచించే విషయం కాదు.

ముందుగా చప్పుడుకూ స్వరానికీ ఉన్న తేడా చూడాలి. కొట్టిన ప్రతి వస్తువూ ఒకేసారి అనేక వేగాలతో కంపిస్తుంది. తలుపు చెక్కలో ఆ కంపనాలు కుప్పలుగా ఉంటాయి, ఒకదానికొకటి పొత్తు కుదరదు, పైగా పుట్టీపుట్టగానే ఆరిపోతాయి. చెవి వాటిలో దేన్నీ పట్టుకోలేదు. స్వరంగా వినిపించాలంటే ఒక కంపనం మిగతావాటికి పెద్దగా నిలవాలి, కాసేపు బతకాలి, మిగతావి దానికి లెక్క ప్రకారం లోబడాలి. వీణ తీగకు ఈ క్రమశిక్షణ పుట్టుకతోనే వస్తుంది. తీగ మొత్తం సెకనుకు 100 సార్లు ఊగితే, దాని లోపలి చిన్న ఊగులు 200, 300, 400 సార్లు నడుస్తాయి. చెక్కబద్దకూ, తోలు మూతకూ ఆ భాగ్యం లేదు. వాటికి క్రమశిక్షణ మనిషే నేర్పాలి.

కావడిబద్ద చెప్పే భౌతికశాస్త్రం

నీళ్ల కావడి మోసే మనిషి భుజం మీది వెదురుబద్దను గమనిస్తే మారింబా సగం అర్థమవుతుంది. అడుగు పడినప్పుడల్లా బద్ద రెండు కొసలూ కిందికి వంగి, మళ్లీ పైకి లేస్తాయి. ఆ ఊగుకు ఒక సొంత వేగం ఉంది. బద్ద బిరుసుగా ఉంటే చకచకా ఊగుతుంది, మెత్తనిదైతే నెమ్మదిగా ఊగుతుంది. కుండల్లో నీళ్లు పెరిగితే ఊగు ఇంకా నెమ్మదిస్తుంది. చేయి తిరిగిన కావడి మనిషి ఈ వేగాన్ని ఎదిరించడు. తన నడకనే దానికి కలుపుతాడు. బిరుసు వేగం పెంచుతుంది, బరువు తగ్గిస్తుంది. స్వరశాస్త్రానికి పునాది ఈ రెండు ముక్కలే.

మారింబా బద్ద కూడా ఇలాగే వంగి లేస్తుంది, కాకపోతే దాని మధ్యభాగానికి భుజం ఆనదు. కొసలు కిందికి వెళ్లినప్పుడు నడుము పైకి లేస్తుంది, కొసలు లేచినప్పుడు నడుము దిగుతుంది. ఇటు కొసకూ నడుముకూ మధ్య ఒకటి, అటువైపు ఒకటి, రెండు చోట్లు మాత్రం పైకీ కిందికీ కదలవు. బద్ద ఒకే మందంతో ఉంటే ఆ చోట్లు ఒక్కో కొస నుంచి పొడవులో 22.4 శాతం దూరాన ఉంటాయి. వాద్యం తయారు చేసేవారు సరిగ్గా అక్కడే రంధ్రం తొలిచి తాడు దూర్చి బద్దను వేలాడదీస్తారు. కదలని చోట పట్టుకుంటే కదలికకు అడ్డు ఉండదు. అదే బద్దను బల్ల మీద పరిచి కొడితే టక్కుమని ఆగిపోతుంది. తలుపు మూగదిగా ఉండటానికి ఒక కారణం ఇదే: దాన్ని కదలనివ్వకుండా కీలు, గడియ, చట్రం అన్నీ పట్టి ఉంచుతాయి.

పొడవు విషయంలో బద్ద తీగ దారిలో నడవదు. తీగను సగానికి నొక్కితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. అదే మందం ఉన్న బద్దను సగానికి కోస్తే వేగం నాలుగు రెట్లవుతుంది, అంటే స్వరం రెండు స్థాయిలు ఎగబాకుతుంది. ఒక్క స్థాయి దించడానికి బద్దను సుమారు 1.41 రెట్లు పొడిగిస్తే సరిపోతుంది. ఐదు స్థాయిల మారింబా ఒక గదిలో పట్టడానికి ప్రకృతి చేసిన మేలు ఇది. తీగలాంటి లెక్కే ఇక్కడా నడిస్తే అట్టడుగు బద్ద చిట్టచివరి బద్దకు 32 రెట్ల పొడవు ఉండాల్సి వచ్చేది.

తొలిచి ఒకటి, అతికి ఒకటి

వేలాడదీసినంత మాత్రాన బద్ద పాడదు. సమాన మందం ఉన్న బద్దను కొడితే అసలు స్వరంతో పాటు దాని తోడుస్వరాలు కూడా లేస్తాయి. పుస్తకాల్లో వీటినే ఓవర్‌టోన్లు అంటారు. మొదటి తోడుస్వరం అసలు స్వరానికి 2.76 రెట్ల వేగంతో, రెండోది 5.40 రెట్ల వేగంతో కంపిస్తాయి. కర్ణాటక సంగీతం లెక్కలో చూస్తే చిక్కు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. బద్ద అసలు స్వరం షడ్జం అనుకుంటే, మొదటి తోడుస్వరం పై స్థాయిలో శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ పడుతుంది. అటు శంకరాభరణానికీ చెందదు, ఇటు కళ్యాణికీ చెందదు. అందుకే తొలవని బద్ద పలుకు గంట పగిలినట్టు, ఏ స్వరమో తేలకుండా ఉంటుంది.

దీనికి విరుగుడు బద్ద అడుగున ఉంటుంది. మారింబా బద్దను తిరగేసి చూస్తే నడుము దగ్గర వంతెన కమానులాగా లోతుగా తొలిచి ఉంటుంది. పైనుంచి చూసే ప్రేక్షకులకు ఇది కనిపించదు, కానీ వాద్యం ప్రాణమంతా అక్కడే ఉంది. అసలు స్వరం పలికేటప్పుడు బద్ద ఎక్కువగా వంగేది నడుము దగ్గర. అక్కడ పలుచన చేస్తే బిరుసు తగ్గి ఆ ఊగు బాగా నెమ్మదిస్తుంది. మొదటి తోడుస్వరంలో నడుము దాదాపు వంగదు. వంపులు రెండు పక్కలా పడతాయి. కాబట్టి నడుము తొలిచినా దాని వేగం అంతగా తగ్గదు. రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడం 2.76 నుంచి సరిగ్గా 4 రెట్లకు చేరేదాకా తొలుస్తారు. 4 రెట్లంటే రెండు స్థాయిల పైన అదే షడ్జం. కింది, నడిమి స్థాయిల బద్దల్లో రెండో తోడుస్వరాన్ని కూడా 10 రెట్ల దగ్గరికి తెస్తారు. అది మూడు స్థాయిల పైన అంతర గాంధారం. అంటే మంచి మారింబా మంద్రస్థాయి బద్ద ఒక్కటే స, స, గ అని మూడు అంతస్తుల్లో పలుకుతుంది. మారింబాకు దగ్గరి బంధువైన జైలోఫోన్‌లో మొదటి తోడుస్వరాన్ని 4 రెట్లకు కాక 3 రెట్లకు శ్రుతి చేస్తారు. అది పై స్థాయి పంచమం. జైలోఫోన్ గొంతులో కరుకుదనం, మారింబా గొంతులో నిండుదనం ఉండటానికి ఈ తేడా ముఖ్యమైన కారణం.

శ్రుతి చేసేవారి పని ఎంత సున్నితమైనదో ఇక్కడే తెలుస్తుంది. నడుము దగ్గర ఒక్క పొర గీకితే స్వరం దిగుతుంది. కొసల దగ్గర గీకితే అక్కడి బరువు తగ్గి స్వరం ఎక్కుతుంది. ఎక్కువ గీకితే తిరిగి అతికే వీలు లేదు.

ఇదే సమస్యను దక్షిణ భారతదేశంలో మృదంగం చేసేవారు ఎప్పుడో, సరిగ్గా ఎదురు దారిలో పరిష్కరించారు. దాన్ని సైన్సు భాషలో మొదట చెప్పినవారు సి.వి. రామన్. తిరుచిరాపల్లిలో పుట్టిన రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు, రామన్ తొలి చదువు ఆ ఊళ్లోనే సాగింది. కాంతి మీద పరిశోధనలతో నోబెల్ బహుమతి అందుకోవడానికి పదేళ్ల ముందు, 1920లో, ఆయన శివకాళీ కుమార్‌తో కలిసి భారతీయ మద్దెలల మీద ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. 1934లో అదే విషయం మీద మరింత వివరంగా రాశారు.

మామూలు డోలు తోలు స్వరం పలకదు. సమానంగా బిగించిన గుండ్రటి తోలులో తోడుస్వరాలు 1.59, 2.14, 2.30 రెట్లు, ఇలా లెక్క తప్పి ఒకదానిపై ఒకటి ఇరుక్కుని ఉంటాయి. మృదంగం కుడిమూత నడుమ నల్లటి కరణి ఉంటుంది. అన్నం ముద్దలో ఖనిజపు నల్లపొడి కలిపి, పొర మీద పొరగా రుద్ది ఎక్కించిన బరువది. అసలు స్వరం పలికేటప్పుడు తోలు ఎక్కువగా కదిలేది నడుమనే. అక్కడ బరువు పడగానే ఆ ఊగు నెమ్మదిస్తుంది. మిగతా ఊగులు అంతగా నెమ్మదించవు కాబట్టి ఎడం పెరిగి 2, 3, 4, 5 రెట్ల వరసలోకి వస్తాయి. తోలులోని తొలి తొమ్మిది రకాల కంపనాలు కలిసి ఐదు లెక్కైన స్వరాలుగా సర్దుకుంటాయని రామన్ చూపించారు. మృదంగాన్ని గాయకుడి శ్రుతికి కలపగలగడం, డోలును కలపలేకపోవడం ఇందువల్లనే.

ఒకచోట చెక్క తీసేశారు, ఇంకొకచోట ముద్ద అతికించారు. చేసిన పని మాత్రం ఒకటే: నడుము దగ్గర అసలు స్వరాన్ని నెమ్మదింపజేసి, తోడుస్వరాలను దాని వెనక వరసలో నిలబెట్టడం. బద్ద తొలిచినవారివీ, కరణి రుద్దినవారివీ వేర్వేరు దారులు. ఇద్దరూ ఒకే సత్యాన్ని చేరారు. ఈ రంగంలో ఇంతకంటే గొప్ప విషయం లేదని చెప్పవచ్చు.

జలతరంగంలో కిటుకు మరో రకం. గిన్నెను సన్నటి పుల్లతో తట్టగానే అంచు గుండ్రదనం పోయి, ఇటోసారి అటోసారి కోలగా సాగుతుంది. లోపల నీళ్లుంటే గోడ తనతో పాటు నీటినీ కదిలించాలి. బరువు పెరిగి స్వరం దిగుతుంది. అందుకే ఆంధ్రదేశంలో ఈ వాద్యానికి ప్రతినిధిగా నిలిచిన నేమాని సోమయాజులు వంటి విద్వాంసులు కచేరీకి ముందు ఒక్కో గిన్నెలో చుక్కచుక్కగా నీళ్లు పోసి, తీసి శ్రుతి చేస్తారు. 17వ శతాబ్దపు అహోబలుడి ‘సంగీత పారిజాతం’లో ఈ వాద్యం ప్రస్తావన ఉంది. మారింబా బద్ద శ్రుతిని కర్మాగారంలోనే ఖాయం చేస్తారు. జలతరంగం శ్రుతి ప్రతి సాయంత్రం కొత్తగా పుడుతుంది.

గొట్టం పని, ఎండ పని

బద్ద ఒక్కటీ ఎంత బాగా పలికినా ఆ పలుకు పక్కగదికి చేరదు. సన్నటి బద్ద గాలిని ఎక్కువగా నెట్టలేదు. కింద వేలాడే గొట్టం ఆ లోటు తీరుస్తుంది. గొట్టం పై మూతి తెరిచి, అడుగు మూసి ఉంటుంది. లోపలి గాలికీ ఒక సొంత ఊగు ఉంది. ఆ ఊగు బద్ద ఊగుతో కలిస్తే గాలి గట్టిగా పలుకుతుంది. దీన్ని అనునాదం అంటారు. ఇందుకు గొట్టం లోతు ఆ స్వరపు ధ్వని తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. సెకనుకు 110 సార్లు కంపించే స్వరానికి అది సుమారు 78 సెంటీమీటర్లు. ఐదు స్థాయిల మారింబా అట్టడుగు స్వరం సెకనుకు 65 సార్లు కంపిస్తుంది. దానికి 1.3 మీటర్ల గొట్టం కావాలి. వాద్యం ఎత్తు అంత ఉండదు, అందుకే మంద్రస్థాయి గొట్టాలను మడుస్తారు, లేదా అడుగున వెడల్పు చేస్తారు.

గొట్టం ఊరికే సాయం చేయదు. బద్దలో ఉన్న శక్తిని తొందరగా లాక్కుని గాలికి పంచుతుంది. స్వరం పెద్దదవుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. గొట్టం లేకుండా అదే బద్ద సన్నగా, మరికాసేపు పలుకుతుంది.

హైదరాబాద్ లాంటి ఊళ్లో దీనికి ఇంకో కోణం ఉంది. గాలిలో ధ్వని వేగం వేడిని బట్టి మారుతుంది: 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 355 మీటర్లు. అంటే మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గొట్టం సొంత స్వరం దాదాపు మూడున్నర శాతం పైకి జరుగుతుంది. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం 6 శాతం లోపే కాబట్టి ఇది సగం మెట్టు కంటే ఎక్కువ. అదే వేడికి బద్ద బిరుసు తగ్గి దాని స్వరం కొద్దిగా కిందికి దిగుతుంది. ఇద్దరూ చెరో దారి పట్టాక అనునాదం పలచబడుతుంది. మంద్రస్వరాలు ఖాళీగా వినిపిస్తాయి. కొన్ని కచేరీ మారింబాల పెద్ద గొట్టాల అడుగున జరిపే మూతలు పెడతారు. వాటిని పైకీ కిందికీ జరిపి ఆ రోజు ఎండకు తగ్గట్టు గాలిని తిరిగి శ్రుతి చేస్తారు.

వైబ్రఫోన్ గొట్టాల మూతుల దగ్గర మరో ఏర్పాటు ఉంది. ఒక ఇరుసు మీద చిన్న రేకుబిళ్లలు, వాటిని తిప్పే మోటారు. బిళ్ల తిరిగినప్పుడల్లా గొట్టం మూతి మూసుకుని తెరుచుకుంటుంది, ధ్వని పెరిగి తగ్గుతుంది. సినిమా పాటల్లో కలల సన్నివేశాలకు వాడే ఆ అలల ధ్వని ఇదే. గమకంలో స్వరం ఊగుతుంది. ఇక్కడ స్వరం మారదు, బిగ్గరదనం మాత్రమే ఊగుతుంది. సమకాలీన స్వరకర్తలు చాలామంది మోటారును ఆపేసి, లోహపు ధ్వనిని ఉన్నదున్నట్టు వినిపించమంటారు.

పుల్ల తగిలే క్షణం

వయొలిన్ కళాకారుడు స్వరం మొదలయ్యాక కూడా దాన్ని పెంచగలడు, తగ్గించగలడు, వంచగలడు. బద్ద మీద కొట్టినవారికి ఆ వెసులుబాటు లేదు. పుల్ల తగిలేది సెకనులో కొన్ని వేల వంతులే. ఆ కాసింతలో పంపిందే పంపినట్టు. ఆ తర్వాత జరిగేదంతా చెక్క చేతిలో ఉంది. కాబట్టి కళంతా రెండు చోట్ల ఉంటుంది: దెబ్బకు ముందు చేసే ఎంపికలో, స్వరం ఆరిపోయే తీరులో.

పుల్ల తల ఎంత మెత్తగా ఉంటే బద్దను అంత ఎక్కువసేపు తాకుతుంది. తాకి ఉన్నంతసేపు వేగమైన తోడుస్వరాలు లేవలేవు. అందుకే మంద్రస్థాయికి ఊలు దారం చుట్టిన మెత్తని తలలు, పై స్థాయికి గట్టి తలలు వాడతారు. గట్టి తలతో మంద్రబద్దను బలంగా కొడితే టక్కుమనే చెక్క ధ్వని ముందు వినిపిస్తుంది, పైగా బద్ద పగిలే ప్రమాదం కూడా ఉంది. కొట్టే చోటు కూడా గొంతు మారుస్తుంది. సరిగ్గా నడుమ కొడితే అసలు స్వరం నిండుగా వస్తుంది. మొదటి తోడుస్వరం అక్కడ కదలదు కాబట్టి అణుగుతుంది. కాస్త పక్కకు జరిగితే అదీ కలుస్తుంది. తాడు దూరిన చోట, అంటే కదలని చోట కొడితే, స్వరం పొడిబారి చప్పుడుకు దగ్గరవుతుంది. ఈ పొడి ధ్వనిని కావాలనే కోరే రచనలున్నాయి.

ఆరిపోవడంలో చెక్కకూ లోహానికీ పోలికే లేదు. చెక్క పీచుల మధ్య రాపిడి కంపనాన్ని త్వరగా తినేస్తుంది. మారింబా పై స్థాయి స్వరం సెకనులో చిన్న వంతు సేపే నిలుస్తుంది, మంద్రస్వరం కాస్త ఎక్కువ. అల్యూమినియంలో ఆ రాపిడి చాలా తక్కువ, వైబ్రఫోన్ స్వరం వదిలేస్తే సెకన్ల కొద్దీ మోగుతుంది. అందుకే మారింబా కళాకారులు స్వరాన్ని నిలపడానికి పుల్లలను అతివేగంగా మార్చి మార్చి కొడతారు. వైబ్రఫోన్ వాయించేవారికి స్వరాన్ని ఆపడమే పెద్ద పని. కాలి కింద పెడల్ ఉంటుంది. వదిలితే ఒత్తుపట్టీ పలకలకు ఆని అన్నింటినీ ఒకేసారి ఆపుతుంది. ఒక్క స్వరాన్నే ఆపాలంటే ఖాళీగా ఉన్న పుల్లను దాని మీద నెమ్మదిగా ఆనిస్తారు. అంటే నాలుగు పుల్లల్లో రెండు పాడుతుంటే మిగతా రెండు తుడుస్తూ ఉంటాయి. కచేరీలో ఈ తుడిచే చేతిని గమనించినవారికి వైబ్రఫోన్ వాదనం ఎంత కష్టమో అర్థమవుతుంది. కొందరు స్వరకర్తలు పలక అంచును వయొలిన్ జాతి కమానుతో రాయమంటారు. దెబ్బ జాడే లేకుండా శూన్యంలోంచి లేచే ఆ నాదం వినేవారిని నిలువునా ఆపేస్తుంది.

ఒక్కరి కచేరీ

మారింబా మూలాలు ఆఫ్రికావి. పశ్చిమాన బాలఫోన్, మొజాంబిక్‌లో చోపీ ప్రజల తింబిలా ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. వాటిలో గొట్టాల స్థానంలో ఎండిన సొరకాయ బుర్రలు వేలాడతాయి. బానిసలుగా అమెరికా ఖండాలకు తరలించిన ఆఫ్రికన్లతో పాటు ఈ జ్ఞానం మధ్య అమెరికాకు వెళ్లి, గ్వాటెమాలాలో ఆ దేశపు జాతీయ వాద్యమై స్థిరపడింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో షికాగోకు చెందిన డీగన్ సంస్థ దానికి లోహపు గొట్టాలు బిగించి కచేరీ రూపం ఇచ్చింది. వైబ్రఫోన్ మాత్రం పూర్తిగా కర్మాగారపు బిడ్డ. 1920ల తొలినాళ్లలో లీడీ సంస్థలో మొదలై, 1927లో డీగన్ సంస్థ చేతిలో అల్యూమినియం పలకలు, పెడల్‌తో ఇప్పటి రూపం పొందింది. 1930లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగులో లయొనెల్ హాంప్టన్ దాన్ని వాయించాక జాజ్ సంగీతం దాన్ని సొంతం చేసుకుంది.

పాశ్చాత్య శాస్త్రీయ వేదిక మీదికి ఈ వాద్యాలు ఆలస్యంగా వచ్చాయి. పాల్ క్రెస్టన్ మారింబా కన్సర్టీనో 1940లో, డేరియస్ మియో మారింబా, వైబ్రఫోన్ రెండింటికీ కలిపి రాసిన కన్సర్టో 1947లో వచ్చాయి. అసలు మలుపు జపాన్‌లో జరిగింది. 1937లో పుట్టిన కెయికో ఆబె, మారింబాకు సొంత రచనలు లేకపోతే అది ఎప్పటికీ వినోద వాద్యంగానే ఉంటుందని గ్రహించి స్వరకర్తలను అడిగి రాయించుకున్నారు. మినోరు మికి ‘టైమ్ ఫర్ మారింబా’, అకిరా మియోషి ‘టోర్స్ III’ 1968 నాటివి. ఆమె యమహా సంస్థతో కలిసి వాద్యాన్ని మంద్రం వైపు పెంచుకుంటూ 1980ల్లో ఐదు స్థాయిలకు చేర్చారు. గొట్టాల లెక్కలో చూసిన ఆ 1.3 మీటర్ల అవసరం వచ్చింది ఇందుకే.

ఇప్పుడు ఒక్కరే నిలిచి రెండు వాద్యాలతో గంటన్నర నడిపే కచేరీకి రచనల కొరత లేదు. జేకబ్ డ్రక్‌మన్ 1986లో నీటి స్వభావం మీద ఆరు భాగాలుగా మారింబాకు రాసిన కృతిలో మంద్రం, తారం, నిదానం, వడి అన్నీ ఒకే వాద్యం మీద పరీక్షకు నిలుస్తాయి. జోసెఫ్ ష్వాంట్నర్ ‘వెలాసిటీస్’ ఆగని పరుగు. స్వరం ఆరేలోపు తర్వాతిది పుట్టాలి. ఫ్రాంకో డొనటోని ‘ఒమర్’ వైబ్రఫోన్‌కు 1985లో రాసిన రెండు భాగాల రచన. ఈ సంగీతంలో రాగం వెతికితే దొరకదు, ఆది తాళం వేస్తే కుదరదు. వినవలసింది వేరు: దెబ్బ ఎంత మెత్తగా పడింది, స్వరం ఎంతసేపు నిలిచింది, అది ఆరేలోపు పక్క స్వరం దాన్ని ఎలా అందుకుంది. స్వరం పుట్టుక, మరణం తెలిసిన శ్రోతకు ఇదంతా కథలా నడుస్తుంది.

పక్కవాద్యం ముందుకొచ్చి ఒంటరిగా కూర్చోవడం తెలుగునాట కూడా జరిగింది. మృదంగ విద్వాంసులు యెల్లా వెంకటేశ్వరరావు హైదరాబాద్ కేంద్రంగా మృదంగాన్ని ఏకవాద్య కచేరీకి తెచ్చారు. తొమ్మిది మృదంగాలు ముందు పెట్టుకుని ఒక్కరే వాయించే నవమృదంగ ప్రదర్శనలు ఇచ్చారు. 2008లో ఆయనకు పద్మశ్రీ లభించింది. తని ఆవర్తనంలో కొద్ది నిమిషాలు దక్కే చోటును పూర్తి కచేరీగా విస్తరించడం, మారింబాకు ఆబె చేసినదానికి ఏమాత్రం తక్కువ సాహసం కాదు.

స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీ 12 ఏళ్లకల్లా వినికిడి దాదాపు పూర్తిగా కోల్పోయి కూడా ప్రపంచ ప్రఖ్యాత ఏకవాద్య తాళవాద్యకారిణి అయ్యారు. ఆమె తరచూ చెప్పులు లేకుండా వేదిక ఎక్కుతారు. మంద్రస్వరాల కంపనం నేల మీదుగా పాదాలకు, కాళ్లకు చేరుతుంది. పై స్వరాలు ముఖానికీ మెడకూ తెలుస్తాయి. సెకనుకు 65 సార్ల కంపనాన్ని చెవి వినడంతో పాటు ఒళ్లూ తాకి చూస్తుంది.

మధురానగర్ ఫ్లాట్‌లో సాధన

మృదంగాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని అమీర్‌పేటలో మెట్రో మారి, తర్వాతి స్టేషన్ మధురానగర్‌లో దిగి ఇంటికి నడిచిపోవచ్చు. ఐదు స్థాయిల మారింబా పొడవు రెండున్నర మీటర్లకు పైమాటే. బద్దలను తాడుతో సహా చాపలా చుట్టి, గొట్టాలు, చట్రం విడదీస్తే తప్ప అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. కొత్తగా ఈ వాద్యాలు నేర్చుకునేవారు చాలాచోట్ల వైబ్రఫోన్‌తోనో, చిన్న మారింబాతోనో మొదలుపెట్టడానికి ఇది కూడా కారణం.

గదిలో బిగించాక గది కూడా వాద్యంలో భాగమవుతుంది. ఎదురెదురు గోడల మధ్య గాలి తనకు నచ్చిన వేగాలనే పెంచుతుంది. 12 అడుగుల పొడవున్న పడకగదిలో ఆ వేగాలు సెకనుకు సుమారు 47, 94 సార్లు. 94 దగ్గరి మంద్రస్వరం తగలగానే గది గుంయ్‌మంటుంది, పక్క స్వరం మాత్రం నీరసంగా వినిపిస్తుంది. సాధకులు ఇది తమ చేతి లోపమని పొరపడతారు. వాద్యాన్ని గోడకు దూరంగా, గదికి ఏటవాలుగా జరిపి, అరలూ పరుపులూ ఉన్న గది ఎంచుకుంటే తేడా తెలుస్తుంది.

వానాకాలంలో చెక్క తేమ పీల్చి బరువెక్కుతుంది, స్వరం కొద్దిగా దిగుతుంది. ఎండాకాలం ఏసీ గదిలో తేమ పోయి అదే స్వరం పైకి జరుగుతుంది, ఆరుదల ఒక్కసారిగా జరిగితే బద్ద చీలవచ్చు. మేలైన మారింబాలకు వాడే హోండురాస్ రోజ్‌వుడ్ డాల్‌బెర్జియా ప్రజాతికి చెందినది. మన జిట్రేగి కూడా ఆ ప్రజాతే. ఈ చెట్లు తరిగిపోతున్నందున 2017 నుంచి ఆ ప్రజాతి కలప అంతటి మీదా అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉంది. తయారైన చాలా వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. ధర తగ్గించడానికి పడూక్ కలపతోనూ బద్దలు చేస్తారు. అది శేషాచలం ఎర్రచందనం ప్రజాతికే చెందిన ఆఫ్రికా చెట్టు. ఫైబర్‌గ్లాస్ బద్దలు కూడా వస్తున్నాయి. వాటికి వానకూ ఎండకూ శ్రుతి పెద్దగా మారదు, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ రోజ్‌వుడ్ పలుకులోని వెచ్చదనం వాటిలో పూర్తిగా రాదు. నగరంలో రోజువారీ సాధనకు అవి చాలు, కచేరీకి చెక్కే కావాలి.

చివరి చిక్కు పొరుగువారితో. తారస్థాయి స్వరాలను మామూలు ఇటుక గోడ, మూసిన కిటికీ చాలావరకు ఆపేస్తాయి. మంద్రం ఆగదు, అటుపక్క వారికి పాట వినిపించదు, గోడలోంచి వచ్చే గుంయ్‌మనే మోత ఒక్కటే వినిపిస్తుంది. కింది అంతస్తుకు చేరేది చాలావరకు గాలిలోంచి కాక నేలలోంచి వెళుతుంది కాబట్టి, చట్రం చక్రాల కింద మందపాటి రబ్బరు పలకలు వేయడం తొలి జాగ్రత్త. గోడలకు స్పాంజి అతికిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది కానీ మంద్రం దాన్ని దాటుకుని పోతుంది. దాన్ని ఆపేది గోడ బరువే. అందువల్ల ఫ్లాట్లలో సాధన చేసేవారు మంద్రస్థాయి భాగాలను పగటివేళకు ఉంచుకుని, రాత్రిపూట గొట్టాలు తీసేసి ఉత్త బద్దల మీదే చేయి తిప్పుతారు. గొట్టం లేని బద్ద గదిలోని మనిషికి చాలినంత వినిపిస్తుంది, గోడ దాటేంత బలం దానికి ఉండదు.